రెండు వంకర మేకులు

డ్యూలాక్‌లో నేలని నమ్మడానికి లేదు.
రోడ్డుకి అటూ నీళ్ళే, ఇటూ నీళ్ళే.
మధ్యలో కాళ్ళెత్తి నిలబడ్డ ఇళ్ళు
కొంగల్లా,
ఒక కాలు విరిగిన కొంగలు కూడా.

హ్యూస్టన్ నుంచి చర్చి వాన్‌లో వచ్చాం, పదకొండు మందిమి.
దైవకృప గారు సీటు కింద గోంగూర జాడీ పెట్టుకున్నారు,
ఎందుకైనా మంచిదని.
అక్టోబరు గాలివాన వెళ్ళిపోయి ఏడు నెలలు.
టీవీ వాళ్ళు మొదటి వారంలోనే సర్దుకున్నారు.
కప్పుల మీద నీలం పట్టాలు మాత్రం
ఇంకా ఫటఫటా కొట్టుకుంటున్నాయి.

నేను పళ్ళ డాక్టర్ని.
అందుకని నాకు పీకే పని ఇచ్చాడు ఎల్వుడ్,
పెన్సిల్వేనియా మెనొనైట్ పెద్దాయన,
మాట తక్కువ, చెవి మీద ఎప్పుడూ పెన్సిల్.
నానిన చెక్కలోంచి తుప్పు మేకులు.
చిగుళ్ళు వాచిన దవడలా ఉంది గోడ,
మెత్తగా, కంపుగా.
మత్తు ఇవ్వకుండా రోజంతా పీకాను.
గోడ ఒక్కసారే అరిచింది.
అదీ ఉడతట, లోపల కాపురం పెట్టింది.

ఒడీల్ వెర్డిన్‌కి డెబ్బై తొమ్మిది.
మెట్ల పక్కన కుర్చీ వేసుకుని
మమ్మల్నే చూస్తూ రొయ్యలు ఒలుస్తుంది,
తన చేతుల వంక చూసుకోదు.
దేవుడే మిమ్మల్ని పంపాడు అంటుందేమోనని
మా షాలేంరాజు ఫోన్ పట్టుకుని కాచుకున్నాడు.
ఆమె అన్నది, "ఆ కిటికీ వంకర."
నిజంగానే వంకర.
విప్పి మళ్ళీ పెట్టాం.

ఉదయం ప్రార్థనలో ఎవరూ
ఇసుక మీద ఇల్లు కట్టుకున్నవాడి ఊసెత్తరు.
ఇక్కడ బండలు లేవు.
ఎంత తవ్వినా ఒండ్రే.
వెళ్ళిపోవచ్చుగా అని మూడో రోజు నేనే అడిగాను,
నోరు జారి.
ఒడీల్ ఒక రొయ్య తల గిల్లి కాలవలోకి విసిరింది.
"నీదెక్కడ?"
చెప్పాను. అవనిగడ్డ దాటాక, సముద్రం పక్కన.
"అక్కడా ఇంతేనా?"
సముద్రం లేచి ఊళ్ళోకి నడిచొస్తే
మా దగ్గర దానికో పేరుంది అన్నాను. ఉప్పెన.
ఉ-ప్పె-న, అని పలికి చూసింది,
తెలియని కాయ కొరికినట్టు.
"మరి మీవాళ్ళు వెళ్ళిపోయారా?"

లేదు.
మా నాయనమ్మ ఆ దిబ్బ మీదే మళ్ళీ పొయ్యి పెట్టుకుంది.
మూడు ఇటుకలు ఎవరో తెచ్చిచ్చారని చెప్పేది.
ఎవరో.
పేరడగలేదట, ఆకలి మీద ఉండి.

ఒడీల్ ఇంకో రొయ్య అందుకుంది.
ఆ ప్రశ్న మళ్ళీ నేనెవర్నీ అడగలేదు.

శుక్రవారానికి కొత్త చెక్క నిలబడింది,
జిగురు కారుతూ, పైన్ వాసనేస్తూ.
గోడ మూసే ముందు ఒక రివాజు ఉందన్నాడు ఎల్వుడ్,
లోపలి చెక్క మీద తలా ఒక మాట రాయాలట.
పెన్సిల్ చేతులు మారింది.
దైవకృప గారు కీర్తన రాశారు, మొత్తం,
రెండు చెక్కలు ఆక్రమించి.
షాలేంరాజు గుండె బొమ్మ వేశాడు.

నాకు ప్రార్థన అలవాటు తప్పి చాన్నాళ్ళు.
చర్చికి వెళ్తాను, పాట అందుకుంటాను,
కళ్ళు మూస్తే మాత్రం
రేపటి అపాయింట్‌మెంట్లు కనిపిస్తాయి.
వంటింటి మూల చాలాసేపు నిలబడి
తెలుగులో రాశాను:
ఇక్కడ మేకులు నేను కొట్టాను.
రెండు వంకరపోయాయి.
పట్టుకుంటాయి.

ఏం రాశావంది ఒడీల్. చెప్పాను.
అప్పుడు నవ్వింది, మొదటిసారి.
పై వరసలో మూడు పళ్ళు లేవు.
నా కళ్ళు ఊరుకోవు కదా, లెక్కపెట్టాను.

తర్వాత తెల్ల పలక వచ్చి
కీర్తననీ, గుండెనీ, నా వంకరనీ కప్పేసింది.
మళ్ళీ తుఫాన్ల కాలం మొదలవడానికి
ఇంకా పది రోజులుంది.

బయల్దేరేటప్పుడు జాడీ అక్కడే వదిలేశారు దైవకృప గారు.
ఒడీల్ మూత తీసి, వాసన చూసి,
"ఇది రొయ్యల్లోకి" అని తేల్చేసింది.
ఎలా తెలిసిందో.