నోబిడ్

మా నాన్న మాలకొండయ్య నాకు నీతులేమీ చెప్పలేదు.
తీరికెక్కడిది ఆయనకి.
బ్యారన్ మంట మీద కన్నేసి
వారం రోజుల నిద్రని తువ్వాల్లో మూటగట్టుకుని తిరిగేవాడు.
మాట్లాడితే పొగాకు వాసన,
మాట్లాడకపోయినా అదే.

నాకప్పుడు పదకొండేళ్లు.
గ్రేడింగుకి అమ్మ పక్కన కూర్చునేదాన్ని.
నిమ్మపండు రంగు ఒక కుప్ప, నారింజ రంగు ఒక కుప్ప,
మాడింది, పచ్చిది విడిగా.
అరచేతులకి నల్లటి జిగురు పట్టి
అన్నం ముద్ద చేదయ్యేది.

పక్కింటి ఓబులయ్య మామ అన్నాడు, నవ్వుతానే:
"పచ్చాకు నడిమికి తొయ్యమ్మాయ్,
వాళ్లేమన్నా పొట్ట కోసి చూస్తారా?"

ఆ మాట నాకు లెక్కలాగా అర్థమైంది.
కిలోకింత, పచ్చాకు ఇన్ని కిలోలు,
అందులో సైకిలుకి ఎన్ని చక్రాలొస్తాయో.
ఎవరూ లేనప్పుడు చెక్కు నడుమ దాచాను.
పైన నిమ్మపండు రంగు ఆకు
చుట్టాలొచ్చినప్పుడు దుప్పటి పరిచినట్టు పరిచాను.

కొండపి వేలం ప్లాట్‌ఫారం.
వరసగా చెక్కులు, వరసగా రైతులు,
ఎవరి ఊపిరి వాళ్ల చెక్కు మీద.
కొనేవాళ్లు ఇంకా నాలుగు చెక్కుల అవతల ఉన్నారు.
నాన్న ఎందుకో చెయ్యి లోపలికి పోనిచ్చాడు,
ఈనబోయే బర్రెని తడిమినట్టు.
ఆగింది చెయ్యి.
బయటికి తీసిన పచ్చాకుని చూశాడు,
నన్ను చూశాడు.
ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

ఆకు మళ్లీ లోపలికే పోతుందనుకున్నా.
చెయ్యి పైకి లేచింది.
"అయ్యా, ఈ చెక్కు నడుమ పచ్చాకుంది. పొరపాటు నాదే."

నాదే, అన్నాడు.

చీటీ మీద నోబిడ్ రాశారు.
ఎవరో నవ్వారు.
ఓబులయ్య మామ తల తిప్పుకున్నాడు.

ట్రాక్టర్ తొట్టిలో తిరుగుదారి.
అట్లేరు దాటిందాకా మాట లేదు.
దాటాక "ఆకలేస్తందా?" అని
బొరుగుల పొట్లం విప్పాడు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది,
ఆ ఒక్క చెక్కు ఎందుకు వెనక్కొచ్చిందని.
"తేమ ఎక్కువైందంట" అన్నాడు
కాళ్లు కడుక్కుంటా, తలెత్తకుండా.
అబద్ధం చేతగాని మనిషి,
చెంబుడు నీళ్లూ ఒకే కాలి మీద పోసుకున్నాడు.

ఆ రాత్రి రెండు దెబ్బలేసుంటే
ఏడ్చి మర్చిపోయేదాన్ని.
మూడోనాడు పొద్దున అమ్మకి నేనే చెప్పాను.
చెంప అదిరిపోయింది. హాయిగా అనిపించింది.
కొట్టంలోంచి అంతా విని
నాన్న బయటికి రాలేదు.
సాయంత్రం మాత్రం చెక్కు విప్పి నా ముందు పెట్టి
తనూ కూర్చున్నాడు,
చీకటి పడిందాకా, ఆకూ ఆకూ.

ఇప్పుడు నేను సింగరాయకొండ పాలకేంద్రంలో
వెన్న శాతం చూసి రాస్తాను.
అంకె కొంచెం అటో ఇటో జరిపినా అడిగేవాళ్లుండరు.
జరపాలనిపించదని చెప్పను,
ఫీజులు కట్టాల్సిన నెలల్లో గట్టిగానే అనిపిస్తుంది.
అప్పుడు నాకు గుర్తొచ్చేది
వేలంలో పైకి లేచిన ఆ చెయ్యి కాదు.
గడప ముందు, ఒక కాలు తడిసి
ఒక కాలికి దుమ్ము అట్లాగే ఉండి
లోపలికి ఎట్లా రావాలో తెలియక
నిలబడిపోయిన మనిషి.