ఇంకో గడి

సిరొంచ బస్టాండు వెనక నా దుకాణం.
పగిలిన ఫోన్ల అద్దాలు, ఉబ్బిన బ్యాటరీలు,
మరాఠీ బోర్డు, తెలుగు బేరం.
అక్కడ్నే పుట్టింది ఆ డబ్బా.

దాని బొమ్మ గీసిందెవరో నాకు ఇప్పటికీ తెల్వదు.
ఏ దేశంలనో, ఏ వాగు పక్కనో
ఎవరో తీగలెట్ల కలపాల్నో విప్పి రాసి,
తీసుకోండి, మార్చుకోండి,
మార్చింది మాకూ చెప్పండి అని వదిలేసి పోయిండ్రు,
ఎండలో నడిచేటోళ్ల కోసం
అంబలి కుండ మీద గురిగి బోర్లించి పోయినట్టు.

వైరాగడే మాస్తరు చదివి మరాఠీల చెప్పిండు.
నేను తెలుగుల రాసుకున్న.
అంతా కలిపి పన్నెండు వందల యాభై అయింది,
సైకిల్ ట్యూబు ముక్కతో సహా.
ప్రాణహిత గట్టున, పాత పడవరేవు స్తంభానికి కట్టినం.
నీళ్లు ఎంత కిందికున్నయో గంటకోసారి కొలిచి
అందరి ఫోన్లకూ చెప్పేది.
నెల రోజులు మా అంత మొనగాళ్లు లేరనుకున్నం.

శ్రావణంల ఒక రాత్రి
డబ్బా అన్నది: నది కదల్లేదు.
గంట పోయినంక మళ్లీ అన్నది: కదల్లేదు.
మడావి జంగుబాయి వచ్చి షట్టర్ బాదింది.
"నీ డబ్బా అబద్ధమాడుతున్నది బిడ్డా.
చీమలు గుడ్లు మోసుకొని గుడిసె కప్పెక్కుతున్నయ్.
ఏర్ ఎర్రమట్టి వాసనేస్తున్నది."
ఏర్ అంటే గోండిల నీళ్లు.
ఆ ఒక్క మాటకు మాకు తర్జుమా అక్కర్లేకపోయింది.

నీళ్లు తీసినంక, మూడోనాడు ఎక్కి చూస్తే
డబ్బా మూతికి కందిరీగ కట్టిన మట్టిగూడు.
ఆ గోడనే కొలుచుకుంట కూసున్నది అది.
దాన్ని నమ్ముకుంట కూసున్నం మేము.
నాలుగిండ్ల మేకలు కొట్టుకపోయినయ్.
మనుషులు మిగిలిండ్రు, ఆ షట్టర్ చప్పుడుకు.

ఆ సంగతంతా రాసి, గీసినోళ్లకు పంపినం:
వేపనూనె రాయాలె, పదిహేను రోజులకోసారి ఎక్కి తుడువాలె,
డబ్బా మాట పక్కన గట్టు మీది మనిషి మాట కూడా రాయాలె.
కనిపెట్టిందెవరని అడిగిండ్రు.
మాస్తరు నా పేరు రాయబోయిండు.
నిజం చెప్పాలె, రాయనిచ్చిన.
రాత్రంతా నిద్ర పట్టలే. తెల్లారి పోయి మార్పించిన:
మడావి జంగుబాయి, చేపలు పట్టే మనిషి, సిరొంచ.

మరి ఎక్కి తుడిచేదెవరు?
సేవ అన్నడొకడు.
సేవ కడుపుకు బువ్వెవరు పెడతరన్నది దుర్గం రాజుబాయి.
సంత నాడు తలా ఐదు రూపాయలని తీర్మానం.
పెద్ద దుకాణాలోళ్లు వచ్చేవారమన్నరు.
కల్లు కాడ కూసున్నోళ్లు ముందుగ ఇచ్చిండ్రు.

ఇగ అసలు చిక్కు ఎండకాలంల.
నీళ్లు తగ్గిన లెక్క చూసుకొని
రాత్రిళ్లు ఇసుక ట్రాక్టర్లు దిగుడు మొదలైంది.
మా డబ్బానే వాళ్లకు దీపం పట్టింది.
అందరికని తెరిచిన తలుపుల
ముందుగ దూరింది బండ్లున్నోళ్లే.

తాళమేద్దామన్నరు సగం మంది. నేనూ చెయ్యెత్తిన.
పాస్‌వర్డ్ పెడదాం, మనోళ్లకే ఇద్దాం.
జంగుబాయి వల కుట్టే చెయ్యి ఆపకుండనే అడిగింది:
"తాళంచెవి ఎవ్వని మొలకుంటది?
ఎవ్వని మొలకున్నా
రేపు మొదలు మూసేది నాకే గదా."

చాలాసేపు ఎవ్వరం మాట్లాడలే.
ఫ్యాను తిరిగింది. కరెంటు పోయింది.

రాజుబాయి కొడుకు, ఎనిమిదో తరగతోడు,
ఫోను వెలుగుల నోటుబుక్కు లాక్కొని
నీళ్ల లెక్క పక్కన ఇంకో గడి గీసిండు:
రాత్రి దిగిన ట్రాక్టర్లెన్ని.

ఇప్పుడు తెరిస్తే రెండూ కనిపిస్తయ్ ఎవరికైనా,
తహసీల్ ఆఫీసుకూ,
ఏ దేశంలనో ఆ వాగు పక్కనోళ్లకూ.
మొన్న పందొమ్మిది ట్రాక్టర్లు.
నిన్న పద్నాలుగు.
తగ్గినయో,
లెక్కపెట్టేటోడు కునికిండో
ఇంకా తేలలేదు.