పోటూ పాటూ

రొయ్యకి తెల్లపేగు ఎందుకొస్తుందో వెతుకుతుంటే
వేలు జారింది.
కాళ్ళకూరు అవతల, ఆరో నంబరు చెరువు గట్టు,
రాత్రి రెండు దాటింది.
ఫోనులోంచి ఒకావిడ, పేరు తెలీదు, భాష తెలీదు,
ఒక్క అచ్చు పట్టుకుని
మెట్లు మెట్లుగా దిగుతోంది,
మెట్లు లేని చోట కూడా దిగుతోంది.
ఏరియేటర్లు నాలుగూ తిరుగుతున్నాయి.
వాటి హోరు మీద నూనెచుక్కలా తేలింది ఆ గొంతు.

కాపలా పేరయ్య బీడీ ఆర్పి అడిగాడు:
"ఎవరు పోయారండీ, పాపం?"

ఎవరూ పోలేదని తేల్చుకోడానికి నాకు రెండు పంటలు పట్టింది.
వెతగ్గా వెతగ్గా పేరు దొరికింది, బెల్ కాంతో.
అందమైన పాట, అంతే అర్థం.
పులసని పట్టుకుని చేప అన్నట్టుంది.
గీతలు పడ్డ పాత రికార్డులు,
ఎవరో ముసలి పంతులమ్మ పిల్లల్ని తిడుతూ చెప్పే పాఠాలు,
తెర కింద పరిగెత్తే మాటలు.
నీళ్ళ పరీక్షల పుస్తకం వెనకపేజీల్లో తెలుగులో రాసుకున్నాను.
లెగాతో: పోగు తెగకుండా.
ఊపిరి తీసే చోట గీత మీద ఒక కామా పెడతారు.
మెస్సా ది వోచె: ఒకే స్వరం, సన్నగా మొదలెట్టి,
నిండా ఉబ్బనిచ్చి, మళ్ళీ సన్నగా తీసేయడం.
ఇది మాత్రం నాకెవరూ చెప్పక్కర్లేదు.
ఉప్పుటేట్లో పోటెక్కడం, పాటు తీయడం
పుట్టినప్పట్నించీ చూస్తున్నదే.
పాటుకీ పాటకీ కొమ్మొక్కటే తేడా.

"ముందు ఆవిడకి ఇంత అన్నం పెట్టండి" అంటుంది
మా జ్ఞానసుందరి, దుప్పటి ముసుగులోంచి.

రొయ్యల కంపెనీ వాళ్ళు ఎగ్జిబిషనుకని బొలోన్యా పంపితే
ఒక సాయంత్రం దొంగిలించి పార్మా రైలెక్కాను.
మనకి నేల టికెట్టు. వాళ్ళకి చవక సీటు అటక మీద.
మోకాళ్ళు గడ్డానికి తగిలే బల్ల.
పక్కన ఒక ముసలాయన, చేతులు చూస్తే
మోటార్లు విప్పే చేతులు.
వీరవాసరంలో నాటకానికి ముందు వరస చాప మీద కూర్చుని
పద్యంలో శ్రుతి జారితే దగ్గేవాళ్ళుంటారు చూడండి,
ఆ జాతి మనిషి.
మనం వన్స్‌మోర్ అంటాం, ఇంగ్లీషు.
వాళ్ళు బిస్ అంటారు, లాటిన్ అట.
ఇంకోసారి పాడమని సొంత భాషలో అడగడానికి
ఎవరికీ మొహం చెల్లదేమో.

ఆమె వచ్చింది.
ఫోనులో ఆవిడ కాదు, ఇంకొకావిడ,
కాస్త జలుబు చేసినట్టుంది.
స్వరం మొదలైంది, లేచింది,
నిండాల్సిన చోట ఆగి
ఊపిరి తీసుకుంది.
అటక దాకా వినపడేటట్టు. తీసుకోకూడని చోట.
నేను ముసలాయన వైపు చూశాను.
దగ్గలేదు.
కళ్ళు మూసుకుని తనూ పీల్చాడు.
ఆ చప్పుడొకటి ఉందని
ఇన్నేళ్ళ రికార్డుల్లో ఒక్కటీ నాకు చెప్పలేదు.

నా వృత్తే ఊపిరండీ.
లీటరుకి నాలుగు మిల్లీగ్రాములుంటే నిద్రపోతాను.
మూడు దాటి దిగితే తెల్లారకుండానే
రొయ్యలన్నీ అంచులకొచ్చి మీసాలు పైకెత్తుతాయి.
ఆస్తులు పోయేటప్పుడు కూడా చప్పుడుండదు.

తిరిగొచ్చిన మూడో రాత్రి కరెంటు పోయింది.
ఏరియేటర్లు ఒక్కోటీ నెమ్మదించి,
చెరువంతా అద్దమైపోయి,
చుక్కలు కూడా కనిపించాయి, చూడబుద్ధి కాలేదు.
పేరయ్య జనరేటరు తాడు లాగుతున్నాడు.
అది దగ్గుతోంది. మళ్ళీ లాగుతున్నాడు.
నేనేమీ పాడలేదు. నాకు రాదు.
అది అందుకునేదాకా
ఊపిరి బిగబట్టి ఉన్నానని
వదిలాక తెలిసింది.

"లెక్క రాసుకోండి" అన్నాడు పేరయ్య, చెయ్యి విదిలించుకుంటూ.
మూడు పాయింట్ ఒకటి, రాశాను.
పక్కన రిమార్కుల గడి ఖాళీగా ఉంటే
అందులో ఒక కామా పెట్టాను.