తేట నీళ్లు

దేవరకొండ దాటినంక, మొరం గుట్టల నడుమ
సారు కొనుక్కున్న వాగు ఇది.
రెండు జేసీబీలు, పదకొండు దినాలు,
కట్ట లేచింది.
రోలరు తిరగలే. నడిమిట్ల రేగడి పడలే.
నా పోరు పడలేక తూమొక్కటి పెట్టిండు.
మత్తడి ఎక్కడ సారూ అంటే
బాతు బొమ్మల పడవలు చూపెట్టిండు.

నా కొలువు ఆ బాతులకు కాపలా.
శని, ఆదివారాలు పిల్లలకు లైఫ్ జాకెట్లు బిగిస్త.
తతిమ్మ దినాలు, ఎవ్వలు చెప్పకున్నా
చెప్పులిడిసి కట్ట కింద నడుస్త.
నీరటోళ్ల ఇంట్ల పుట్టిన కాళ్లు,
తడిని కండ్ల కంటె ముందు పడతయి.

తుంగ మొలిచిన కాడ ఊట.
సారు దోస్తులు ఇడిసిపోయిన గ్లాసుల పట్టి
రోజూ పొద్దుగాల ఎండకు ఎత్తి చూస్త.
తేటగుంటే భయం లేదు,
కట్టకు చెమట పడుతున్నదంతే.

మొన్న రాత్రి వాన.
నిన్న గ్లాసు అడుగున
చిటికెడు ఎర్రమన్ను.

ఫోన్ చేసిన.
"సోమవారం చూద్దాంలే గాలయ్యా,
రేపు బర్త్‌డే పార్టీ ఉంది."

కట్ట కింద బుచ్చమ్మ మడి ఉన్నది.
ఆమె రేకుల కొట్టం. రెండు బర్లు, ఒకటి సూడిది.

ఎన్నడు ఎత్తని తూము తలుపు, తుప్పు.
గడ్డపార సందుల పెట్టి ఒంటి బరువంత ఏసిన.
రాత్రంత కాలువ పట్టుకొని మెల్లగ పోయినయి నీళ్లు.
తెల్లారేసరికి బాతులు బురదల కూసున్నయి,
ఒకదాని మీద ఒకటి ఒరిగి.

సారు కారు మలుపు తిరుగుతున్నది.
కేకు పెట్టే టేబుల్ మీద గ్లాసు పెట్టిన,
మన్ను కదలకుంట,
మోదుగాకు కప్పి.