షేడ్ కార్డు

రాజలింగు పెయింటర్.
పందొమ్మిదేండ్లు కువైట్ గోడలకు రంగులేసిండు.
ఫర్వానియా దవాఖానల, ఆరో అంతస్తుల,
స్టీలు గ్లాసుల తన కండ్లు తనే సూసుకొని
"ఇది పసుపు గాదు తమ్మీ, మస్టర్డ్.
రెండు సుక్కలు ఆకుపచ్చ కలిపితే ఇట్లొస్తది" అన్నడు.

నేను రాత్రి షిఫ్టుల తుడిచేటోణ్ణి.
డాక్టరు అరబ్బీల చెప్పింది
షైనీ సిస్టర్ హిందీల చెప్తే
దాన్ని మెట్‌పల్లి మాటల చెప్పుడు నా డ్యూటీల లేదు.
మరి ఇంకెవరు చెప్తరు?

కార్జంల గడ్డ. మస్తు పెరిగింది.
దారి మూస్తే నెత్తురు ఆగుతదా,
పక్కదారి వట్టి
బువ్వ దిగే గొట్టంల సన్న నరాలకెక్కుతది,
వాటిని ఉబ్బిస్తది,
సెమ్మ దిగిన గోడకు పెయింటు లేసినట్టు.
గిది ఆయనకు ఎంటనే సమజయింది.
"పొక్కు" అన్నడు.
"గోరు తగిలినా పగుల్తది."

"తాగుతుంటివా?" అందరూ గదే అడిగిండ్రు.
డాక్టరు, ఎంబసీ కాయితాలు రాసే పిలగాడు,
ఫోన్ల సొంత బావమరిది.
ఒక్క సుక్క ముట్టలే.
ఏ సూదిల నుంచొచ్చిందో, ఏ మంగలి బ్లేడుల నుంచో.
ఆఖరికి "ఆ, తాగిన" అనుడు మొదలువెట్టిండు,
జెప్పన వదిలిపెడ్తరని.

పండ్లు తోమితే బ్రష్షు ఎర్రగ.
సూది గుచ్చినకాడ వంకాయ రంగు.
నెత్తురు గడ్డకట్టే సరుకు గుడ కార్జమే చేస్తదట,
ఆ ఫ్యాక్టరీకే తాళం పడ్డది.

బేస్తారం రాత్రికి టికెటు.
అయిదు దినాలు నెత్తురు పడకుంటెనే
విమానం ఎక్కనిస్తమన్నరు.
నాలుగో దినం, మంగళారం అర్ధరాత్రి,
బెడ్‌పాన్ అందుకున్న.
తారు.

"సిస్టర్‌కు చెప్పకు" అన్నడు.
"ఇనుప గోళీలు మింగుతున్న గదా,
దాని నలుపను."

ఇనుప గోళీల నలుపు నాకెరుకే.
దానికి ఈ వాసన ఉండది.
పదకొండేండ్లు ఎత్తిపోసిన,
నా ముక్కునెవడు మోసం చేస్తడు.

బాత్రూంల నిలవడ్డ, ఫ్లష్ మీద చెయ్యివెట్టి.
విమానంల ఈయన కక్కుకుంటే
ఎవరు తుడుస్తరు అనుకున్న.
తుడిచేటోనికి ముందుగాల అసొంటి ఆలోచనే వస్తది.
ఆ తర్వాతనే గంగు యాదికొచ్చింది,
ఆయన భార్య, బీడీల పైసలు దాచి
హైదరాబాద్‌కు కారు మాట్లాడుకున్నామె.

షైనీ సిస్టర్‌కు సూపెట్టిన.

గొట్టం దింపి మూడు నరాలకు రబ్బరు బ్యాండ్లు కట్టిండ్రు.
టికెటు పోయింది.
రెండొద్దులు నాతోని మాట్లాడలే,
గోడ దిక్కు మర్లి పండుకున్నడు.
మూడోనాడు
"ఈడ రెండో కోటు ఎగ్గొట్టిండ్రు" అన్నడు.
నాతోనా, గోడతోనా? అడగలే.

ఆదివారం తెల్లారగట్ల పొక్కు పగిలింది.
ఇగ గొట్టాలు వద్దనుకున్నరు.
సిస్టర్ ముదురు మెరూన్ తువ్వాళ్ళు తెచ్చింది,
ఎరుపు సూసి మనిషి బెదరొద్దని
తెల్లవి పక్కకు వెట్టి.
ఒకటి ఆయన మూతికాడ పట్టింది,
ఒకటి నా చేతుల వెట్టింది.

రాజలింగు బట్టను బొటనవేలితోని రుద్ది సూసిండు,
పచ్చి గోడను సూసినట్టు.
"మంచి షేడు" అన్నడు,
"దీని మీద కనవడది."

కింద గచ్చు తెల్లది.
దానికెవ్వరూ షేడు సూడలే.
మూడు బకెట్ల నీళ్ళు మార్చిన.