అరవై ఇళ్ళ బియ్యం

ఎసరు మరిగేటప్పుడు
కడిగే బియ్యంలోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి
హార్లిక్స్ సీసాలో పొయ్యాలి.
కాపరానికి వచ్చిన మర్నాడే
మా అత్త సువార్తమ్మ నేర్పిన ప్రార్థన అది.
"పిడికిలి మరీ బిగించకే,
బిగిస్తే దేవుడికి తక్కువ పడతాయి" అనేది.

సంగడిగుంటలో మా లూథరన్ గుడికి
అరవై ఇళ్ళ పిడికిళ్ళు
ఆదివారం ఒక గోతాంలో కలిసేవి.
సన్నబియ్యం, స్టోరు బియ్యం,
నిన్న మర పట్టించినవి, పురుగు పట్టినవి.
యార్డులో తొడిమలు తీసే కరుణమ్మ బియ్యంలో
ఎప్పుడూ ఒకటో రెండో మిరపగింజలు.

స్త్రీల సమాజం కోశాధికారిని నేను.
గిద్దెతో కొలిచి, పుస్తకంలో రాసి, వేలం వేసేదాన్ని.
ఆ డబ్బుతో గుడికి సున్నాలు, రెండు ఫ్యాన్లు, మైకు సెట్టు,
పోయినేడు వరండాకి ఇనప గ్రిల్లు.
గ్రిల్లు ఎందుకో మినిట్సులో నేనే రాశాను:
"రాత్రివేళ అపరిచితులు పడుకొనుచున్నందున."
నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పేరు.

డిసెంబరు తుపానుకి
యార్డు ముందు రేకుల కింద పడుకునేవాళ్ళూ
బస్టాండు అరుగుల వాళ్ళూ
గోనెపట్టాలు నెత్తిన కప్పుకుని వచ్చారు.
గ్రిల్లు పట్టుకుని నిలబడ్డారంతే.
పిలవలేదు, కొట్టలేదు.
గుడి వెనక గదిలో పడుకునే యేసుపాదానికి
చప్పుడు లేకపోవడం వినిపించి మెలకువొచ్చిందట.

తెల్లారేసరికి వరండాలో ఇరవై ముగ్గురు,
ఒక కుక్క,
తడవకుండా చీర చుట్టిన ఒక కుట్టుమిషను.

కమిటీ కూర్చుంది.
ఏటా క్రిస్మస్ నాటకంలో
సత్రం యజమాని వేషం కట్టే రత్నప్రకాశం గారు
"వాన వెలిసింది కదా, తాళం వెయ్యవోయ్" అన్నారు.
"తాళంచెవి పోయిందండి" అన్నాడు యేసుపాదం,
ముప్ఫై ఏళ్ళలో కొవ్వొత్తి ముక్క కూడా పారేసుకోనివాడు.
కొత్త తాళం కొనాలని తీర్మానం.
అదీ నేనే రాశాను.

ఆ ఆదివారం బియ్యం కొలుస్తుంటే
గిద్దెలో ఠంగుమంది.
వాకిట్లో చీపురు ఆగింది.
యేసుపాదం నావైపు చూడలేదు, ఆకాశం చూశాడు.
నేను గిద్దెడు బియ్యాన్నీ
అందులో ఉన్నదానితో సహా గోతాంలో వొంపేసి
"ఈ వారం వేలం లేదు" అన్నాను.

అంతా పండగలా జరిగిందని చెప్పను.
మైకు వైరు ఎవరో కోసుకుపోయారు.
నాలుగిళ్ళవాళ్ళు పిడికెడు మానేశారు.
దొడ్డి కడిగే వంతు దగ్గర
పాటల పుస్తకం పట్టుకునే చేతులే మెటికలు విరుచుకున్నాయి.
కొత్త తాళం కొనడానికి మాత్రం
ఎందుకో ఎవరికీ తీరిక చిక్కలేదు.

మొదటిరోజు అన్నం చెడింది.
అరవై ఇళ్ళ బియ్యం ఒక డేగిశాలో ఒకేలా ఉడకవు.
సన్నవి జావ, లావువి పలుకు.
వరసలోంచి ఒక ముసలాయన లేచి
గరిటె కోసం చెయ్యి చాపాడు.
బాజీ. ఒకప్పుడు బిర్యానీ మాస్టరట.
కళ్ళల్లో పొర కమ్మాక హోటలు వొద్దంది.
"లావువి ముందు నానెయ్యాలమ్మా.
తొందరపడేవాటిని ఆఖర్న వెయ్యాలి."

ప్రార్థన వేళకి బాజీ లోపలికి రాడు.
మేం రమ్మనమూ.
పాట వినపడేంత దూరంలో, పొయ్యి పక్కన,
కాళ్ళ మధ్య గోతాం పెట్టుకుని
వేళ్ళతోనే బియ్యం విడదీస్తుంటాడు.
ఇది సన్నం, ఇది స్టోరు.
మిరపగింజ తగిలితే తుమ్మి, నవ్వుతాడు.

మొన్న ఆ వేళ్ళకి ఇనుము తగిలింది.
పైకి తీసి, తడిమి,
"తాళంచెవి. మీదేనా అమ్మా?" అన్నాడు.

గ్రిల్లు బార్లా తెరిచుంది.
దాని మీద ఎవరివో రెండు లుంగీలు, ఒక గౌను ఆరుతున్నాయి.

"అందులోనే ఉండనీ బాజీ,
ఇనుముంటే
బియ్యానికి పురుగు పట్టదు."