పాకాల జంక్షన్లో సముద్రం

మేమిద్దరం సముద్రం చూసినోళ్ళం కాదు.
పాకాల జంక్షన్లో రాత్రి డ్యూటీ,
బల్ల నడిమధ్య మామిడిపండ్ల అట్టపెట్టె అడ్డం,
అటు మునిరత్నం గళ్ళ కాగితం, ఇటు నాది.
రైలు పోతేనే ఓడ ఒక గడి జరగాలని రూలు.
తిరుపతి ప్యాసింజరు లేటయితే
రెండు దళాలకీ లంగరే.

"చ వరుస, ఏడు?"
"నీళ్ళేబ్బా," అంటాడు,
బీడీ పొగలో మొహం కూడా కనపడనీడు.
నా చిన్న పడవలు మూడు ముంచినాడు.
వాని పెద్ద ఓడ కోసం కాగితమంతా కాల్చినాను,
ఒక్క గడి తప్ప.

తెల్లారి పెట్టె ఎత్తితే
గూడ్సుతో కలిపి నాలుగు రైళ్ళ నుంచీ
వాని ఓడా నా ఓడా
ఒకే గడిలో.

నేనుండే చోట నేనెట్లా పేల్చేది?
వాడూ అదే అన్నాడు,
బీడీ నలుపుతా.